హాంబుర్గ్‌కు మోసుకెళ్లిన కబురు

కర్నూలు జిల్లా సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో అతన్ని జర్మనీ లేవి అనేవాళ్లు. కాలనీ మొత్తానికి ఇంకో లేవి లేడు. అయినా ముందు ఆ జర్మనీ తగిలిస్తే గాని జనానికి తృప్తి ఉండేది కాదు. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు, అక్కడ మంచు ఎట్లా పడుతుందో చెప్పమని. లేవి ఓపిగ్గా చెప్పేవాడు. వాన లాగా చప్పుడు చెయ్యదని, నిద్ర లేచి చూస్తే ఊరు మాయమై ఉంటుందని, కొలోన్ ఊరి చర్చి శిఖరం చూడబోతే నెత్తిమీది టోపీ వెనక్కి పడిపోతుందని. హాంబుర్గ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం గ్లాసు కింద పెట్టి, మిషను దగ్గర పనుందని లేచిపోయేవాడు. ఆ ఊళ్లో ఏం జరిగిందో అతను ఎవరికీ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

అది 1957 చలికాలం. ఫ్యాక్టరీ ఇంకా గోడల్లోనే ఉంది. యంత్రాలు జర్మనీ నుంచి రావాలి. వాటిని విప్పడం, బిగించడం నేర్చుకురమ్మని యాజమాన్యం ముగ్గురు ఫిట్టర్లను ఓడ ఎక్కించింది. ఎర్రగుంట్ల దగ్గరి పల్లె నుంచి లేవి, పత్తికొండ నుంచి నరసింహారెడ్డి, కోసిగి నుంచి తిమ్మయ్య. అక్కడికి చేరాక ముగ్గుర్నీ మూడు ఊళ్లకు విడగొట్టారు. లేవి కొలోన్‌లో ఉన్నాడు. నరసింహారెడ్డి ఎస్సెన్‌లో. తిమ్మయ్యను ఎక్కడో ఉత్తరాన, ఓడలు ఆగే హాంబుర్గ్‌కు పంపారు. క్రిస్మస్ సెలవులకు లేవి రైలెక్కి, దారిలో నరసింహారెడ్డిని చూసి, పండగ తిమ్మయ్య దగ్గర చేసుకోవాలని ముగ్గురూ ముందే అనుకున్నారు. ఆ ప్రయాణం కోసం లేవి ఓవర్‌కోటు కూడా కొన్నాడు. ఎలాగూ కొంటున్నాం కదా అని ఒంటికి సరిపోయేది వదిలేసి పెద్దది ఎంచుకున్నాడు. సముద్రం దాటినంత మాత్రాన మనవాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది? అందులో దూరితే వేళ్ల కొసలు కూడా బయటికి కనబడేవి కావు.

బయల్దేరడానికి ముందురోజు ఆఫీసులో పెద్దాయన పిలిపించాడు. ముగ్గురి టపా ఆ ఆఫీసుకే వచ్చేది. తిమ్మయ్య పేరుతో టెలిగ్రామ్ వచ్చిందని చెప్పాడాయన. కోసిగిలో తిమ్మయ్య తల్లి సిద్దమ్మ చనిపోయింది. మట్టి కూడా చేసేశారు. పోవడానికి ఇక్కణ్ణుంచి ఓడ దొరికినా ఫలితం లేదు. టెలిగ్రామ్‌ను హాంబుర్గ్‌కు పంపేయనా అని పెద్దాయన అడిగాడు. లేవి ఆలోచించకుండానే తల అడ్డంగా ఊపి వద్దన్నాడు. మా పక్క ఇట్లాంటి కబురు కాగితం మీద పోకూడదు, మనిషే పోవాలి, నేనే పోతాను అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి లేవి చెయ్యి పట్టుకున్నాడు.

మెట్లు దిగుతుండగా లేవికి తెలిసింది, తన నోట ఏం మాట వచ్చిందో. మెట్టు మీదే కూర్చున్నాడు. అది తన మాట కాదు. వాళ్ల నాయన మాట.

లేవి నాయన పేరు ఆనందం. బాప్తిస్మానికి ముందు లింగడు. ఊరికి వెట్టి చేసేవాడు. పెద్ద కులాల ఇళ్లలో ఎవరన్నా పోతే ఆ కబురు చుట్టుపక్కల పల్లెల్లోని చుట్టాలకు మోసే పని మాలపల్లెలో వాళ్ల ఇంటిది. ఎండనీ, వాననీ లేదు, కర్ర పట్టుకుని బయల్దేరేవాడు. ప్రభువు దగ్గరికొచ్చి పేరు మారినా పని మారలేదు. పేరు మార్చడానికి పాదిరి ఉన్నాడు గాని పని మార్చేవాడు ఎవడున్నాడు? కబురు మోసేవాడు చుట్టాల ఇంటికి పోయి వాకిట్లో ఓ పక్కగా నిలబడాలి. కర్ర కింద పెట్టాలి. భుజం మీది తువ్వాలు తీసి ముంజేతి మీద వేసుకోవాలి. తల దించుకోవాలి. అట్లా నిలబడ్డ మనిషిని చూస్తే ఇంట్లోవాళ్ల గుండె జారిపోయేది. పిల్లలు తల్లుల వెనక దాక్కునేవాళ్లు. కబురు చెప్పాక చేరెడు జొన్నలో, సజ్జలో తెచ్చి, తాకకుండా పైనుంచి అతని పంచె కొంగులో పోసేవాళ్లు. అది తీసుకుని వెనక్కి తిరగాలి.

కాని ఆనందం ఆ పనిలోనూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందుగా "తిన్నారా సామీ?" అని అడిగేవాడు. తినలేదంటే, ఏమీ లేదు సామీ, ఊరికే ఇట్లా పోతా వచ్చినా అని చెప్పి, తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకుని, చెట్టు కిందికి పోయి కూర్చునేవాడు. వాళ్లు తిన్నాకే మళ్లీ వచ్చి నిలబడేవాడు. కబురు విన్న ఇంట్లో పొయ్యి వెలగదు, పిల్లోళ్లు పస్తుంటారు అనేవాడు. తను మాత్రం పస్తుతోనే నడిచి వచ్చేవాడు. లేవిని మిషను బడిలో వేసిన రోజు పాదిరితో ఒకే ఒక్క మాట చెప్పాడట, నా కొడుకు ఎవురి వాకిట్లోనూ నిలబడకూడదయ్యా అని. లేవి చదివాడు. గుంతకల్లు రైల్వే షెడ్డులో స్పానరు పట్టాడు. కొడుకు మొదటి జీతం అందుకున్న ఏడే ఆనందం కన్ను మూశాడు. నిశ్చింతగా పోయాడని పల్లెలో అందరూ చెప్పుకున్నారు.

ఇప్పుడు చూడండి, నాయన తప్పించిన పనిని కొడుకు జర్మనీ దాకా పోయి, ఎవరూ అడగకుండా, తనంతట తాను నెత్తికెత్తుకున్నాడు.

టెలిగ్రామ్‌ను పంపేయమని మళ్లీ పైకెళ్లి చెప్పొచ్చు. చెప్పడానికి మనసొప్పలేదు. తిమ్మయ్య ఎవరూ లేనిచోట ఆ కాగితం విప్పుకుని చదువుతాడన్న ఊహే భరించలేకపోయాడు. అతనికి ఆ తల్లి ఒక్కతే దిక్కు. కోసిగిలో వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ సిద్దమ్మ కొడుకును చంకనేసుకుని వలస పోయేది. తుంగభద్ర కట్ట మీద మట్టి తట్టలు మోసి వాణ్ణి పెంచింది. ఓడలో తిమ్మయ్య ఆమె ముచ్చట్లు తప్ప వేరే ఏమీ చెప్పేవాడు కాదు. లేవి కడుపులో ఏదీ నిలవక వాంతులతో పడి ఉంటే, అతని తల ఒళ్లో పెట్టుకుని గంజి తాగించినవాడు తిమ్మయ్య. తర్వాత ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. తిమ్మయ్య వాళ్లు బోయలు. లేవి వాళ్లు ఎవరో అతనికి తెలుసు. తెలిసే తిన్నాడు. సముద్రం మీద ఊరు లేదు కదప్పా అని నవ్వాడు. తన నాయన ఏం పని చేసేవాడో మాత్రం లేవి చెప్పలేదు. కూలి అని ఊరుకున్నాడు.

అందుకే లేవికి రెండు భయాలు. తల్లి పోయిన మాట తిమ్మయ్యకు ఎట్లా చెప్పడం అన్నది ఒకటి. చెప్పాక తిమ్మయ్య కళ్లకు తను ఇక స్నేహితుడిలా కనబడడేమో, వాకిట్లో నిలబడ్డ వెట్టివాడిలా కనబడతాడేమో అన్నది రెండోది. ఉన్న ఒక్క స్నేహితుడు ఆ ఒక్క మాటతో చేజారిపోతాడని అతనికి గట్టిగా అనిపించింది.

మర్నాడు పొద్దున రైలు కదిలేసరికి ఊరంతా తెల్లగా, మసకగా ఉంది. రైన్ నది మీద వంతెన దాటుతుంటే కింద నీళ్లున్నాయో పొగమంచుందో తెలియలేదు. ఎస్సెన్‌లో దిగేసరికి లేవి ఒక నిర్ణయానికి వచ్చాడు. నరసింహారెడ్డిని వెంట తీసుకుపోవాలి. అతను వయసులో పెద్ద, మాటకారి, పది మందిలో తిరిగినవాడు. అతను చెబితే తను పక్కన కూర్చుని తిమ్మయ్య చెయ్యి పట్టుకుంటాడు.

నరసింహారెడ్డి అద్దం ముందు మీసం కత్తిరించుకుంటున్నాడు. ఫోర్‌మన్ ఇంట్లో ఆ రోజు పండగ భోజనానికి పిలిచారట. లేవిని చూడగానే ఆనందంగా వాటేసుకున్నాడు, కాఫీ కలిపి ఇచ్చాడు. కబురు వినగానే కత్తెర పక్కన పెట్టి మంచం మీద కూలబడ్డాడు. అయ్యో ఆ ముసల్ది కడసారి కూడా కొడుకును చూసుకోకుండా పోయిందే అని నిజంగానే బాధపడ్డాడు. కాని వెంట రమ్మనేసరికి తల అడ్డంగా ఊపాడు.

"నాకు నోరు రాదు లేవీ. నువ్వే పో. నీకు చేతనైతాది. మీ వాళ్లకు అలవాటైన పనే గదప్పా" అన్నాడు.

కమ్మరికి కొలిమి అలవాటే కదా అన్నంత తేలిగ్గా అన్నాడు. కడుపులో విషం పెట్టుకుని అనలేదు. విషం ఉండి అన్నా బాగుండేది, తిరిగి ఓ మాట అనడానికి వీలుండేది. లేవి మిగిలిన కాఫీ తాగేసి కప్పు కింద పెట్టాడు. బయల్దేరుతుంటే నరసింహారెడ్డి ట్రంకుపెట్టె తీసి, ఇంటి నుంచి వచ్చిన వేయించిన చెనిక్కాయ గింజలు గుప్పెడు తీశాడు. దారిలో తినమన్నాడు. లేవి రెండు చేతులతో కోటు జేబు తెరిచి పట్టుకున్నాడు. గింజలు పైనుంచి జలజల పడ్డాయి.

వీధిలోకి వచ్చి నాలుగడుగులు వేశాక, తను ఎట్లా పట్టుకున్నాడో గుర్తొచ్చి లేవి చెవులు వేడెక్కాయి. పారేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. పారెయ్యలేకపోయాడు. పత్తికొండ పక్క నేలలో పండిన గింజలు, వాటి తప్పేముంది.

హాంబుర్గ్ రైలు ఖాళీగా ఉంది. పండగ ముందురోజు కదా, పోవాల్సినవాళ్లు ఎప్పుడో ఇళ్లకు చేరారు. కిటికీ పక్కన కూర్చుని, అద్దం మీద ఆవిరి తుడిచి, లేవి బయటికి చూస్తూ ఉండిపోయాడు. పొలాలన్నీ మంచు కింద పడుకున్నాయి. చెట్లకు ఆకు లేదు. ఎక్కడా మనిషి లేడు, పశువు లేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎర్రగుంట్ల చుట్టూ ఉండే నేల కూడా ఇట్లాగే ఉంటుందని అతనికి తోచింది. అక్కడ సున్నపురాయి తెల్లగా మెరిసి కళ్లు తెరవనివ్వదు. ఇక్కడ మంచు. రెండు చోట్లా చూపు ఆనడానికి ఏమీ ఉండదు. గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాడు. ఉప్పు తగిలి కళ్లు మూతలు పడ్డాయి.

నిద్రో మెలకువో తెలియదు. రైలు పక్కన, మంచు పొలం గట్టు మీద వాళ్ల నాయన నడుస్తున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. మంచు మీద అడుగులు కూడా పడటం లేదు. రైలు ఎంత వేగంగా పోతున్నా ఆయన కిటికీకి ఎదురుగానే ఉన్నాడు, ఆయాసం లేదు, తొందర లేదు. అద్దం అడ్డంగా ఉన్నా మాట చెవి దగ్గరే వినిపించింది.

"యాడికిరా పోతాండావు?"

"తిమ్మయ్య దగ్గరికి నాయనా. వాళ్లమ్మ సచ్చిపోయింది."

"తిన్న్యాడేమో అడుగు ముందు."

"అడుగుతా. నేను వాకిట్లో నిలబడను నాయనా. లోపలికి పోయి, కూసోని చెప్తా."

 ఆయన సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. తువ్వాలు సర్దుకుని, మంచులోకి కొంచెం కొంచెంగా తెల్లబడుతూ పోయాడు. లేవి కళ్లు తెరిచేసరికి సందె చీకటి పడుతోంది. మధ్యాహ్నం దాటీ దాటగానే అక్కడ పొద్దు గుంకుతుంది. చెంపలు తడిగా ఉన్నాయి. నాయన పోయిన తర్వాత అంత దగ్గరగా ఆయన గొంతు వినడం అదే. అంత దుఃఖంలోనూ అతనికి ఒక రకమైన హాయి కలిగింది, రైలు ఇట్లాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది.

హాంబుర్గ్‌లో మంచు మొదలైంది. తిమ్మయ్య రాసి పంపిన గుర్తులు పట్టుకుని నడిచాడు. అంగళ్లన్నీ మూసేశారు. ప్రతి కిటికీలో కొవ్వొత్తి వెలుగుతోంది. యుద్ధంలో కూలిన ఇళ్ల మొండిగోడల మీద కూడా మంచు మెత్తగా పేరుకుంది. రేవు వైపు నుంచి ఓడ కూత ఒకటి వచ్చి వీధుల్లో తిరిగి తిరిగి ఆగిపోయింది. ఇల్లు దొరికింది. వీధి తలుపు నెట్టగానే ఎండుమిరప, వెల్లుల్లి తాలింపు ఘాటు మెట్ల మీది నుంచి దిగి వచ్చి లేవిని తాకింది. కింది వాటాలో ఇంటి యజమానురాలు, ముసలామె, దగ్గుతోంది. ఆ వాసన పట్టుకుని పైకి పోతుంటే కోసిగి పోతున్నట్టే ఉంది.

అనుకున్నదంతా మనసులో మళ్లీ చెప్పుకున్నాడు. లోపలికి పోవాలి. మంచం మీద కూర్చోవాలి. ఇద్దరూ తినాలి. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని చెప్పాలి.

తలుపు బార్లా తీసి ఉంది. తిమ్మయ్య అటు తిరిగి పొయ్యి మీద పప్పు కలుపుతున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"వచ్చినావా లేవీ? రాప్పా. తలుపేసి రా, సలి వస్తాది."

లేవి కాలు లేవలేదు. గడప ఎంతో ఎత్తు లేదు, పిల్లవాడు దాటగలడు. దాటాలని అతను నిజంగా ప్రయత్నించాడు. ఒళ్లు వినలేదు. చేతిలో సంచి దానంతటదే నేల మీదికి దిగింది. మెడ చుట్టూ ఉన్న మఫ్లరు తీసి ముంజేతి మీద వేసుకున్నాడు. తలుపుకు ఓ పక్కగా జరిగాడు. తల వంగిపోయింది. ఆ నిలబడిన తీరు అతను ఎక్కడా నేర్చుకోలేదు, చిన్నప్పుడు దూరం నుంచి చూశాడు, అంతే. నోట్లోంచి గొంతు వచ్చింది. అది కూడా తనది కాదు.

"తిన్న్యావా తిమ్మయ్యా?"

గరిటె ఆగింది. తిమ్మయ్య ఇటు తిరిగాడు. ముందు నవ్వుతూనే తిరిగాడు. కింద పెట్టిన సంచి చూశాడు. ముంజేతి మీది మఫ్లరు చూశాడు. కోసిగిలోనూ వాకిళ్లున్నాయి, ఆ వాకిళ్లలోకీ ఇట్లాంటి మనుషులు వచ్చి నిలబడ్డారు. నవ్వు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

 పప్పు అడుగంటిన వాసన వచ్చింది. తిమ్మయ్య గిన్నె దించి కింద పెట్టాడు, పొయ్యి ఆర్పాడు, చేతులు తుడుచుకున్నాడు. ఆ పనులన్నీ చాలా నెమ్మదిగా చేశాడు, అవి అయ్యేదాకా కబురు రాదన్నట్టు.

"మా యమ్మేనా?" అన్నాడు.

లేవి తలూపాడు. నేల మీది చెక్కపలకలు తప్ప అతనికి ఏమీ కనబడటం లేదు. ఇక అయిపోయింది అనుకున్నాడు. నాయన నిలబడినట్టే నిలబడ్డాను, నాయన చెప్పినట్టే చెప్పాను, ఇప్పుడు లోపలి నుంచి ఏదో ఒకటి తెచ్చి జేబులో పోస్తాడు, నేను వెనక్కి తిరుగుతాను అనుకున్నాడు.  తిమ్మయ్య పాదాలు గడప దగ్గరికి రావడం కనిపించింది. ఆ పాదాలు అక్కడ ఆగలేదు. గడప దాటి బయటికి వచ్చాయి. తిమ్మయ్య రెండు చేతులతో అతని కోటు పట్టుకున్నాడు.

"మా యమ్మ కబురు బయట నిలబడి చెప్పాకు లేవీ. లోపలికొచ్చి చెప్పు" అన్నాడు.

పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లేవి తనకు తెలిసిన నాలుగు మాటలూ చెప్పాడు. మట్టి కూడా అయిపోయిందని చెప్పాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, తన నాయన ఏం పని చేసేవాడో చెప్పాడు. తిమ్మయ్య విన్నాడు. విన్నానన్నట్టు అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఏడ్చాడు. ఇద్దరూ ఏడ్చారు. కింద ముసలామెకు భాష తెలియకపోయినా సంగతి తెలిసిపోయి, మెట్ల మధ్యదాకా వచ్చి, గుండెల మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

కొంతసేపటికి తిమ్మయ్య లేచి చొక్కా విప్పాడు. చావు కబురు విన్నవాడి నెత్తిన నీళ్లు పడాలి. ఆ ఇంట్లో శనివారం తప్ప నీళ్లు కాగవు. స్నానాల గదిలో కొళాయి తిప్పితే నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా వచ్చాయి. ముసలామె చేతులు తిప్పుతూ వద్దు వద్దని ఏదో మొత్తుకుంది. తిమ్మయ్య పంచె కట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని, తొట్టిలో కూర్చున్నాడు. ఎనామిలు చెంబు నింపి లేవికి అందించాడు.

లేవి చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ నీళ్లు పోయాల్సింది అన్నదమ్ములు. ఊళ్లో అయితే తిమ్మయ్య వాళ్ల కులాల బావి గట్టు మీద లేవి వాళ్లు అడుగు పెట్టకూడదు. గట్టు కింద కడవ పెట్టుకుని, ఎవరన్నా జాలిపడి పైనుంచి పోసేదాకా కాచుకోవాలి. లేవి తల్లి కాచుకుంది, అవ్వ కాచుకుంది. వాళ్ల చెయ్యి తగిలిన నీళ్లు ఆ ఇళ్లలో పశువులకు కూడా పెట్టరు. ఇవన్నీ తిమ్మయ్యకు తెలియనివి కావు.

"నాకు ఈడ ఎవురుండారు? నువ్వే పొయ్యాల" అన్నాడు తిమ్మయ్య, తల వంచి.

లేవి పోశాడు. తిమ్మయ్య ఒళ్లంతా వణికింది, పళ్లు టకటక కొట్టుకున్నాయి. లేవి భయపడి ఆగాడు. చాలా చల్లగా ఉన్నాయా అని అడిగాడు.

తిమ్మయ్య తల ఎత్తలేదు. కళ్లు మూసుకుని, తడి చెయ్యి వెనక్కి చాపి లేవి చేతిని వెతికి పట్టుకున్నాడు.

"ఇంగో చెంబు పొయ్యి, అన్నా."